తాతగారి ఫేవర్ లూబా: లోపల ఏ మెషిన్ ఉందో తెలుసుకోవడం, పార్టులు వెతకడం

మీరు అడిగింది ఇదీ. కనిగిరి దగ్గర పల్లె మీది. తాతగారి ఫేవర్ లూబా సీ చీఫ్, కీ ఇచ్చే వాచీ. నెల క్రితం కీ ఇస్తుంటే కీ బుడిపె ఊడి చేతికొచ్చింది. ఇప్పుడు వాచీని ఊపితే రెండు క్షణాలు ఆడి ఆగిపోతోంది. చూపించిన చోట "బ్యాలెన్స్ కూడా పోయింది, దీనికి పార్టులు రావు, బ్యాటరీ మెషిన్ వేసేస్తాను" అన్నారు. బ్యాలెన్స్ అంటే లోపల అటూ ఇటూ ఊగే చక్రం. లోపల ఏ మెషిన్ ఉందో ఎలా తెలుసుకోవాలి, పార్టులు ఎక్కడ దొరుకుతాయి అని మీ ప్రశ్న.

ముందు సమాధానం చెప్పేస్తాను. బ్యాటరీ మెషిన్ వేయించవద్దు. ఈ వాచీలకు పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అయితే "ఫేవర్ లూబాకి స్టెమ్ (కీకి ఉండే కడ్డీ) ఉందా" అని అడిగితే ఎవరూ ఇవ్వలేరు. మెషిన్ నంబరు చెప్పి అడగాలి. ఆ నంబరు చాలా వాచీల్లో బ్యాలెన్స్ వీల్ కింద, ప్లేటు మీద చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటుంది. వెనక మూత తీయించి, ఆ చోటు కనపడేలా మంచి ఫొటో తీస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి. మీ బ్యాలెన్స్ పోయిందని నేను ఇప్పుడే ఒప్పుకోను. కీ ఊడిపోయాక వాచీని నడిపే మెయిన్ స్ప్రింగుకు బలం ఎక్కించే దారి లేదు. బలం లేని వాచీని ఊపితే రెండు క్షణాలు ఆడి ఆగడం మామూలే, దాన్ని బట్టి బ్యాలెన్స్ పోయిందని చెప్పడం తొందరపాటు. పని తెలిసినవాళ్లు మూత తీసి, పైన కనపడే రాచెట్ వీల్ (స్ప్రింగును చుట్టే పళ్ల చక్రం) స్క్రూను స్క్రూడ్రైవరుతో కొద్దిగా తిప్పి స్ప్రింగుకు బలం ఎక్కించి చూస్తారు. అప్పుడు డయల్ పైకి పెట్టినా కిందికి పెట్టినా బ్యాలెన్స్ ఒకేలా హుషారుగా ఆడితే దాని పివట్లు (చక్రం ఇరుసు రెండు చివర్ల సన్నని మొనలు) బాగున్నట్టే. ఒకవైపు ఆడి రెండోవైపు చచ్చుబడితే, లేదా చక్రం పక్కకు ఒరిగి ఊగుతుంటే, అప్పుడు పివట్ విరిగిందని అనుమానించాలి. రెండు వైపులా నీరసంగా ఆడితే మాత్రం ఎక్కువసార్లు పాత నూనె గట్టిపడి ఉంటుంది, సర్వీసింగ్‌తో సరిపోతుంది.

చేతికొచ్చిన కీని కూడా ఒకసారి బాగా చూడండి. దాన్నుంచి బయటికొచ్చిన కడ్డీనే స్టెమ్ అంటాం. మంచి స్టెమ్‌కి కీ వైపు మర ఉంటుంది, మధ్యలో ఒక గాడి, తర్వాత నలుపలకల భాగం, చివర సన్నని గుండ్రటి మొన. మీ చేతిలో ఉన్నదానికి ఇవన్నీ ఉంటే స్టెమ్ విరగలేదు. లోపల ఆ గాడిలో కూర్చుని స్టెమ్‌ని పట్టుకునే సెట్టింగ్ లీవర్ స్క్రూ ఎక్కువసార్లు వదులై ఉంటుంది, అంతే. కడ్డీ గాడి దగ్గర తెగి ఉంటే మాత్రం మిగతా ముక్క లోపల ఉంది, కొత్త స్టెమ్ కావాలి. ఈ రెండు పనుల ఖర్చుకు పోలికే లేదు కాబట్టి షాపుకు వెళ్లేముందు మీరే చూసుకుని వెళ్లండి.

నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో పని నేర్చుకుని, ఇప్పుడు కావలిలో చేసుకుంటున్నాను. మా దగ్గరికి వచ్చే పాత వాచీల్లో ఎక్కువ భాగం హెచ్ఎంటీలు. తర్వాత ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్, రోమర్, కామీ, టిటోని, మధ్యమధ్యలో మన హైదరాబాద్ ఆల్విన్. వీటిలో మెషిన్ గుర్తుపట్టే పద్ధతి అన్నిటికీ ఒకటి కాదు.

డయల్ మీద పేరు, లోపల మెషిన్ పేరు ఒకటే అనుకోకండి. స్విట్జర్లాండ్‌లో చాలా కంపెనీలు మెషిన్ సొంతంగా తయారుచేసేవి కావు. ఏఎస్ అని పిలిచే అడాల్ఫ్ షిల్డ్, ఎఫ్‌హెచ్‌ఎఫ్ అనే ఫాంటెన్‌మెలాన్ ఫ్యాక్టరీ, ఈటీఏ, యూనిటాస్, ఫెల్సా, పెస్యూ లాంటివాళ్లు మెషిన్ చేసి అమ్మేవాళ్లు. వాచీ కంపెనీలు వాటిని కొని తమ డయల్, తమ కేసు వేసి తమ పేరుతో అమ్ముకునేవి. ఒకే మోటారును పది కంపెనీలు పది రంగులేసి మన బోర్లకు అమ్మినట్టు. పార్టులు వెతికేవాడికి ఇది వరం. మీ వాచీ పేరున్న ఇంకో వాచీ దొరక్కపోయినా, అదే మెషిన్ ఉన్న వేరే పేరు వాచీ దొరికితే చాలు.

ఒక ఉదాహరణ చెప్తాను. సింగరాయకొండ వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయన తండ్రి వాచీ తెచ్చారు. డయల్ మీద ఉన్న పేరు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కీ బిగుసుకుపోయింది, ముళ్లు తిరగవు. మూత తీస్తే స్టెమ్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. ఉప్పు గాలి, చెరువు నీటి తడి ముందుగా పట్టేది అక్కడే, ఎందుకంటే నీళ్లు లోపలికి ఎక్కువగా వచ్చేది కీ పక్కనుంచే. సెట్టింగ్ లీవర్, దాని స్ప్రింగు రెండూ తినేసి ఉన్నాయి. బ్యాలెన్స్ విప్పి, కింద ప్లేటు మీది మురికిని పుల్లతో మెల్లగా తీస్తే ఎఫ్‌హెచ్‌ఎఫ్ ముద్ర, దాని పక్కన 96 బయటపడ్డాయి. పదకొండున్నర లీనుల (లీను అంటే మెషిన్ వ్యాసానికి వాడే పాత కొలత) మెషిన్, మన దేశంలో లెక్కలేనన్ని వాచీల్లో వచ్చింది. నా తుక్కు డబ్బాలో ఒక పాత కామీలో అదే మెషిన్ ఉంది. దాని లీవర్, స్ప్రింగు తీసి ఇందులో వేస్తే సరిగ్గా కూర్చున్నాయి. ఆయన వాచీ పేరు మీద వెతికి ఉంటే ఇప్పటికీ వెతుకుతూనే ఉండేవాణ్ణి.

మీ ఫేవర్ లూబా విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 1737లో స్విట్జర్లాండ్‌లో మొదలై, 1865 నుంచే బొంబాయిలో వ్యాపారం చేసిన కంపెనీ అది. అందుకే మన తాతల తరం చేతుల మీద అన్ని ఉన్నాయి. సీ చీఫ్ పేరుతో వచ్చిన వాచీలన్నిట్లో ఒకే మెషిన్ లేదు, కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. కొన్నిట్లో బయట కొన్న మెషిన్లు ఉంటాయి. 1960ల నుంచి వచ్చినవాటిలో చాలావాటికి కంపెనీ సొంత 250 శ్రేణి మెషిన్ ఉంటుంది, 251, 253 అలాంటివి. దానికి రెండు బారెళ్లు (స్ప్రింగు చుట్టుకుని ఉండే గుండ్రటి డబ్బీలు), రెండు మెయిన్ స్ప్రింగులు. మూత తీయగానే పక్కపక్కన రెండు బారెళ్ల అమరిక కనపడితే ఆ రకమే అనుకోవచ్చు. అలాంటిది అయితే మామూలు ఒక స్ప్రింగు వాచీ లెక్కలు దానికి పనికిరావు. ఒక స్ప్రింగు మార్చి రెండోదాన్ని పాతదే ఉంచేవాళ్లున్నారు. నేను ఎప్పుడూ రెండూ కలిపే మారుస్తాను. రాచెట్ స్క్రూ తిప్పి బలం ఎక్కించే పని కూడా ఆ మెషిన్ తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఇప్పుడు ఫొటోల సంగతి. సెల్‌ఫోను చాలు, కానీ తీసే పద్ధతి ముఖ్యం. మూత తీశాక పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి నేరుగా పైనుంచి ఒకటి తీయండి. తర్వాత కొద్దిగా వాల్చి, బ్యాలెన్స్ వీల్ చువ్వల సందులోంచి కింద ప్లేటు కనపడేలా రెండు మూడు కోణాల్లో తీయండి. వాచీ ఆగి ఉంది కాబట్టి మీకు సులువే. పక్కన స్కేలు పెట్టి ఇంకోటి. బ్యాలెన్స్ మీద చుట్టలా ఉండే సన్నని హెయిర్ స్ప్రింగును వేలితో గానీ పట్టకారుతో గానీ ముట్టుకోవద్దు. అది ఒకసారి వంకరపోతే నేను చెప్పిన పార్టులన్నిటికంటే అదే పెద్ద ఖర్చు అవుతుంది.

ప్లేటు మీద కనపడే ప్రతి అంకె మెషిన్ నంబరు కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. వెనక మూత మీద ఉండేది ఎక్కువగా కేసు నంబరు. మూత లోపల గీతలు గీసినట్టు చేతిరాతతో ఉన్నవి పాత రిపేరర్లు పెట్టుకున్న గుర్తులు. ప్లస్ గుర్తు పక్కన ఉన్న పొడుగు అంకె పేటెంటుది. బ్యాలెన్స్ బ్రిడ్జి మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు కనపడితే అది అమెరికాకు దిగుమతి చేసేటప్పుడు వేసిన కోడు. 17 అని ఉంటే అది లోపల ఇరుసులు తిరిగేందుకు పెట్టిన రాళ్ల సంఖ్య. మెషిన్ నంబరు సాధారణంగా రెండు నుంచి నాలుగు అంకెలు, దాని దగ్గర్లోనే తయారీదారు చిన్న ముద్ర ఉంటుంది. జపాన్ సైకోలకైతే ఇంత కష్టం లేదు, వెనక మూత మీద రెండు భాగాలుగా ఉన్న నంబర్లో మొదటి నాలుగు అక్షరాలే మెషిన్.

నంబరు అరిగిపోయినా, అసలు కొట్టకపోయినా దారి ఉంది. అప్పుడు రెండు సంగతులు కావాలి. మొదటిది కొలత. మెషిన్‌ను కేసులోంచి తీసి వ్యాసం కొలవాలి. ఒక లీను అంటే 2.256 మి.మీ. మగవాళ్ల వాచీల్లో ఎక్కువగా వచ్చే పదకొండున్నర లీనుల మెషిన్ కొలిస్తే 25.6 నుంచి 26 మి.మీ. మధ్య వస్తుంది. రెండోది డయల్ కింద కనపడే కీ పనిముట్ల ఆకారం. సెట్టింగ్ లీవర్, యోక్ (కీ లాగినప్పుడు కదిలే పలక), వాటిని నొక్కిపట్టే స్ప్రింగు పలక, ఈ మూడింటి రూపం మెషిన్‌కీ మెషిన్‌కీ మారుతుంది. పాత మెటీరియల్ కేటలాగుల్లో బొమ్మలు వేసింది వీటివే. బెస్ట్‌ఫిట్ అనే కేటలాగు పుస్తకం గానీ, ఇంటర్నెట్‌లో రాన్‌ఫ్ట్ అనే జర్మన్ పెద్దాయన సేకరించిన మెషిన్ల జాబితా గానీ తీసి, మన మెషిన్‌లోని ఆ పలకను పక్కన పెట్టి పోల్చితే దొరుకుతుంది. పట్టుకున్నాక బ్యాలెన్స్ షాక్ (దెబ్బ తగిలితే పివట్లను కాపాడే అమరిక) రకం, మధ్యలో సెకన్ల ముల్లు ఉందా కింద చిన్న గుండ్రంలో ఉందా అన్నవి కూడా కలిసాయో లేదో చూసి ఖాయం చేసుకోవాలి.

డయల్ తీయాలంటే స్టెమ్ బయటికి రావాలి. స్టెమ్ పక్కన ఉండే చిన్న స్క్రూను ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయాలి. పూర్తిగా విప్పితే సెట్టింగ్ లీవర్ డయల్ కింద జారి పడిపోతుంది, ఆ తర్వాత డయల్ తీసి దాన్ని మళ్లీ కూర్చోబెట్టాల్సిందే. అంతకుముందు స్ప్రింగులో మిగిలిన బలాన్ని మెల్లగా వదిలించాలి. ఇవి ఇంట్లో చేసుకునే పనులు కావు, షాపులో మీ ఎదుట చేయించండి.

పార్టు అడిగేటప్పుడు మాట ఇలా ఉండాలి: మెషిన్ ముద్ర, మెషిన్ నంబరు, పార్టు నంబరు. స్విస్ మెషిన్లకు చాలావరకు ఒకే నంబర్ల పద్ధతి ఉంది. 401 అంటే స్టెమ్, 443 సెట్టింగ్ లీవర్, 445 దాని స్ప్రింగు, 415 రాచెట్ వీల్, 723 బ్యాలెన్స్ స్టాఫ్ అంటే బ్యాలెన్స్ ఇరుసు, 721 బ్యాలెన్స్ మొత్తం, 770 మెయిన్ స్ప్రింగు. "ఎఫ్‌హెచ్‌ఎఫ్ 96, 443" అని కాగితం మీద రాసి ఇస్తే ముంబైలో కొట్టువాడైనా, బయటి దేశంలో ఆన్‌లైన్‌లో అమ్మేవాడైనా ఒకే వస్తువు చూస్తాడు. మెయిన్ స్ప్రింగు మాత్రం నంబరు మీద ఆధారపడకుండా వెడల్పు, మందం, పొడవు, బారెల్ లోపలి వ్యాసం కొలిచి అడగడం మంచిది. ఇంతకుముందు ఎవరైనా తప్పు స్ప్రింగు వేసి ఉండవచ్చు.

నంబరు సరిపోయినా పార్టు సరిపోని సందర్భాలుంటాయి. కందుకూరు నుంచి ఒక కుర్రాడు తానే ఆన్‌లైన్‌లో బ్యాలెన్స్ స్టాఫ్ తెప్పించుకుని నా దగ్గరికి వచ్చాడు. మెషిన్ నంబరు సరైనదే. కానీ అతని వాచీలో ఇంకాబ్లాక్ అనే షాక్ ఉంది, తెప్పించింది షాక్ లేని పాత రకం స్టాఫ్. పొడవు దగ్గరగానే ఉన్నా పివట్ మొదలు ఆకారం వేరు, రాయిలో కూర్చోదు. పివట్ మందం మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది, అక్కడ "దగ్గరగా ఉంది" అనే మాటకు చోటు లేదు. చివరికి అదే మెషిన్ ఉన్న ఇంకో వాచీ నుంచి బ్యాలెన్స్ మొత్తం తీసి వేశాను. స్టాఫ్ ఒక్కదాన్నే మార్చి, రివెట్ కొట్టి, చక్రం తూకం సరిచేసే ఓపిక ఉన్నవాళ్లు మన జిల్లాల్లో తగ్గిపోయారు కాబట్టి చాలామందికి నేను చెప్పే సలహా అదే, బ్యాలెన్స్ మొత్తం వెతకండి. ముళ్లు కూర్చునే కానన్ పినియన్, అవర్ వీల్ కూడా ఒకే మెషిన్‌లో రెండు మూడు ఎత్తుల్లో వస్తాయి. వాటిని పాతదాని పక్కన పెట్టి చూడకుండా కొనకండి.

ఎక్కడ దొరుకుతాయంటే, నా అనుభవంలో మొదట వెతకాల్సింది దగ్గర్లోని పాత రిపేరర్ల దగ్గరే. ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరులో కీ వాచీల కాలం నుంచి ఉన్న షాపులు కొన్ని ఇంకా ఉన్నాయి. పని మానేసిన పెద్దవాళ్ల ఇళ్లలో బిస్కెట్ డబ్బాల నిండా తుక్కు మెషిన్లు, కవర్లు విప్పని స్విస్ పార్టులు ఉంటాయి. పిల్లలకు వాటి విలువ తెలియక ఇనప సామాన్లవాడికి వేసేస్తున్నారు. అలాంటి డబ్బా మీ కంటపడితే దయచేసి వదలకండి. వాటిలో ఒక్కో మెషిన్ ఇంకో నాలుగు వాచీలను బతికిస్తుంది.

తర్వాత చెన్నై. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల హోల్‌సేల్ సందుల్లో వాచ్ మెటీరియల్ వాళ్లను వెతకాలి. పెద్ద షోరూముల్లో అడిగితే లాభం లేదు. ముంబై చోర్ బజారులో పాత మెషిన్లు దొరుకుతాయి, కానీ గుర్తుపట్టడం తెలియకుండా వెళ్లకూడదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పార్టు విడిగా కాకుండా, పనిచేయని వాచీ లేదా పూర్తి మెషిన్ కొనడం నాకు ఎక్కువసార్లు కలిసొచ్చింది. ఒక్క పార్టు కోసం వెళ్లి మిగతావన్నీ నిల్వ చేసుకోవచ్చు. అమ్మేవాణ్ణి బ్యాలెన్స్ కింది ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. కొత్తగా రంగులేసిన మెరిసే డయల్ వేసి, నాలుగు వాచీల ముక్కలు కలిపి అమ్మేవి మన దేశం నుంచే చాలా వెళ్తున్నాయి. విదేశాల్లో సేకరించేవాళ్లు వాటికి "ముంబై స్పెషల్" అని పేరే పెట్టేశారు. వాటిలో డయల్‌ని నమ్మి మెషిన్ కొంటే నష్టపోతారు.

హెచ్ఎంటీ ఉన్నవాళ్లు దీన్ని చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఈ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం 2016లో నిర్ణయించింది. అయినా పార్టుల సంగతిలో దిగులు అక్కర్లేదు. జనతా, పైలట్ లాంటివాటిలో వచ్చిన 0231 మెషిన్ లక్షల్లో తయారైంది, తుక్కులో కూడా సమృద్ధిగా దొరుకుతోంది. జనతాకు "పార్టులు రావు" అని ఎవరైనా అంటే ఇంకో షాపుకు వెళ్లండి.

బ్యాటరీ మెషిన్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. క్వార్ట్జ్ (బ్యాటరీ) మెషిన్ వేయాలంటే పాత డయల్ వెనక ఉండే రెండు చిన్న కాళ్లు అడ్డొస్తాయి, వాటిని కత్తిరించేసి డయల్‌ని జిగురుతోనో రెండువైపుల టేపుతోనో అంటిస్తారు. పాత ముళ్ల రంధ్రాలు కొత్త మెషిన్‌కు సరిపోవు, వేరే ముళ్లు వేస్తారు. కీ కూడా మారుతుంది. అసలు మెషిన్ తుక్కు డబ్బాలోకి పోతుంది. పొదిలి నుంచి ఒక కుటుంబం ఇలా మార్పించిన వెస్ట్ ఎండ్ తెచ్చి "మళ్లీ పాతలాగే చేయండి" అన్నారు. మెషిన్ ఎక్కడికి పోయిందో తెలియదు, డయల్ కాళ్లు లేవు. అలాంటి మెషిన్ ఇంకోటి వెతికి వేశాను, నడుస్తోంది. కానీ వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు కీ ఇచ్చిన మెషిన్ అది కాదు. ఆ అమ్మాయి ముఖం చూశాక, క్వార్ట్జ్ మార్పిడికి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి ఇదంతా చెప్తున్నాను.

షాపులో ఇచ్చేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు. తీసిన పాత పార్టులన్నీ, విరిగినవైనా సరే, చిన్న కవర్లో వేసి వెనక్కి ఇమ్మని ముందే చెప్పండి. విరిగిన స్టెమ్ ముక్కే తర్వాత కొలతలకు ఆధారం. చీకట్లో వెలిగే పచ్చ పూత ముళ్ల మీద గానీ అంకెల మీద గానీ ఉంటే దాన్ని గీకనివ్వద్దు. పాత కాలం పూతల్లో రేడియం ఉండేది, వెలుగు పోయినా దాని ప్రభావం పోదు, ఆ పొడి పీల్చడం ప్రమాదం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో గాలిలో తడి ఎక్కువ కాబట్టి, మూత తీసిన వాచీని అలాగే బీరువాలో పెట్టకుండా మూత బిగించి, సిలికా జెల్ పొట్లంతో గట్టి డబ్బాలో ఉంచండి. కీ ఊడిన రంధ్రం మీద చిన్న టేపు ముక్క అంటించండి, దుమ్మూ తడీ పోయేది అక్కణ్ణుంచే.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇదే. ఊడిన కీ, స్టెమ్ చివర కనపడేలా ఒక ఫొటో, వెనక మూత తీసి నేను చెప్పిన కోణాల్లో ఫొటోలు ఇక్కడ పెట్టండి. రెండు బారెళ్లదా కాదా అన్నది మొదటి ఫొటోతోనే చెప్పేస్తాను. నంబరు కనపడితే ఏ పార్టు నంబర్లు అడగాలో రాసి ఇస్తాను. ఈలోపు ఆ కీని మళ్లీ లోపలికి తోసి తిప్పే ప్రయత్నం చేయకండి. లోపల తెగిన ముక్క ఉంటే అది కదిలి సెట్టింగ్ లీవర్‌ని వంచేస్తుంది.